గంజాం తీరంలో ఇళ్ల కట్టుబడి – ఒక చారిత్రక పరిశీలన

మన పాఠశాల డెబ్బై ఐదు సంవత్సరాలు పూర్తి చేసుకొని ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు, పురప్రముఖులు కలిసి ఒక నూతన భవనం నిర్మించి ఇవ్వాలని సంకల్పించారు. ప్రధానోపాధ్యాయినిగా ఆ సంకల్పానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంతవరకు జరిగిన సమావేశాలలో గదులెన్ని, అంతస్తులెన్ని, ఖర్చెంత అన్న ప్రశ్నలే ఎక్కువగా వినిపించాయి. ఆ భవనం ఎక్కడ నిలవాలి, ఎటువంటి గాలిని తట్టుకోవాలి, దానికోసం మనం దేనిని తొలగించవలసి వస్తుంది అన్న ప్రశ్నలు అంతగా వినరాలేదు. సముద్రఘోష వింటూ పాఠాలు చెప్పుకొనే బడికి నిజానికి ఇవే మొదటి ప్రశ్నలు. వీటికి సమాధానాలు చాలావరకు ఈ తీరపు చరిత్రలోనే ఉన్నవి. ఆ చరిత్రను సంగ్రహంగా మీ ముందుంచుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

నిలకడలేని నేల

మెట్టప్రాంతంలో ఇల్లు కట్టుకొనేవాడికి నేల స్థిరమన్న భరోసా ఉంటుంది. తీరవాసికి ఆ భరోసా లేదు. తూర్పు తీరం పొడవునా అలలు ఇసుకను నిరంతరం మోసుకుపోతూ ఉంటాయి. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకడం వల్ల ఇసుక ఉత్తర దిశగా సాగుతుంది. ఈశాన్య గాలుల కాలంలో కొంత దక్షిణానికి మరలుతుంది. సంవత్సరం మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే అధికం. మన ఋషికుల్య ముఖద్వారం ఒక్కొక్క ఏడు ఒక్కొక్కచోట తెరుచుకొనడానికి, అడ్డంగా ఇసుక నాలుకలు సాగడానికి ఇదే కారణం.

ఈ ఇసుక నడకకు అడ్డం కడితే ఏమవుతుందో మద్రాసు నగరం మనకు నేర్పింది. 1876 ప్రాంతంలో అక్కడ కృత్రిమ రేవు నిర్మాణం మొదలయినది. సముద్రంలోకి చాచిన రాతిగోడలకు దక్షిణాన ఇసుక మేట వేసి నేటి విశాలమైన మెరీనా తీరం ఏర్పడింది. అదే గోడలకు ఉత్తరాన, రాయపురం వైపున, రావలసిన ఇసుక రాక తీరం కోతకు గురయినది. ఆ కోతను ఆపడానికి రాళ్లు పోయగా, ఆ రాళ్లకు అవతలి ఊళ్లకు కోత పాకింది. ఒకరికి మెరీనా దక్కితే మరొకరికి గడప పోయింది. తీరంలో ఏ కట్టడమూ తన హద్దులోనే ఉండిపోదని, దాని ఫలితం పొరుగువాడి ముంగిటిదాకా పోతుందని దీనివల్ల తెలుస్తున్నది.

దేశం మొత్తానికి సంబంధించిన లెక్క కూడా ఇదే చెబుతున్నది. 1990 నుండి 2018 వరకు తీసిన ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, మన దేశపు తీరరేఖలో సుమారు మూడవ వంతు ఏదో ఒక మేరకు కోతకు గురవుతున్నదని తేల్చింది.

కుట్టిన పడవ, గుండ్రని ఇల్లు

గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. విశాఖ, శ్రీకాకుళం తీరాలనుండి వలలు, తెప్పలు వెంటబెట్టుకొని ఉత్తరానికి సాగివచ్చిన వాడబలిజ, జాలరి కుటుంబాలు గోపాల్‌పూర్ మొదలు పూరీ వరకు స్థిరపడ్డాయి. ఒడియా సోదరులు వీరిని నోళియాలంటారు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగే మాట్లాడుకొనే ఈ ప్రజల పిల్లలే మన బడికి మొదటి విద్యార్థులు.

వారి పడవను ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. మసూలా పడవలో మేకు ఉండదు. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టి, సందులలో గడ్డి కూరేవారు. మేకులు కొట్టిన బిగుతైన పడవ ఒడ్డున విరిగే అలల దెబ్బకు పగిలిపోగా, కుట్టిన పడవ అల తాకినప్పుడు కొంచెం వంగి మళ్లీ తన రూపానికి వచ్చేది. రేవుగోడలు లేని గోపాల్‌పూర్‌లో ఓడలు దూరంగా లంగరు వేసుకొని నిలిచిన రోజులలో సరుకులను, ప్రయాణికులను ఒడ్డు చేర్చినవి ఈ పడవలే. రంగూనుకు కూలిపనికి పోయిన మన తాతలు ఓడ ఎక్కడానికి ముందు ఎక్కిందీ ఈ పడవే.

పడవ కట్టిన బుద్ధే ఇల్లు కూడా కట్టింది. ఉత్తరాంధ్ర తీరంలోను, గంజాం దక్షిణ భాగంలోను ఒకప్పుడు విరివిగా కనిపించిన చుట్టిల్లు ఇందుకు సాక్ష్యం. మట్టిని ముద్దలుగా పేర్చి లేపిన గుండ్రని గోడ, దానిపై శంఖువు ఆకారంలో తాటాకు కప్పు, నేలకు దగ్గరగా దిగివచ్చే చూరు, వంగి లోపలికి పోవలసిన చిన్న ద్వారం. చూడడానికి పేదవాడి గుడిసె. కాని గాలి సంగతి తెలిసినవాడు కట్టిన ఇల్లు అది.

ఎందువల్లనో చెబుతాను. తుఫానుగాలి ఇంటిని కేవలం నెట్టదు. ఎదురుగోడను లోపలికి తోస్తుంది, వెనుకగోడను బయటకు లాగుతుంది, కప్పును పైకి పీలుస్తుంది. పలకగా ఉన్న ఇంటి మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర ఈ పీల్పు అత్యధికంగా ఉంటుంది. గుండ్రని ఇంటికి మూలలు లేవు కనుక గాలి దానిని చుట్టుకొని పోతుంది. సమతలంగానో, అతి తక్కువ వాలుగానో ఉన్న తేలికపాటి కప్పును గాలి సులభంగా ఎత్తుతుంది. నిటారు వాలు కప్పుపై ఆ పీల్పు తగ్గుతుంది. చూరు కిందికి ఉండడం వల్ల గాలి దాని అడుగున దూరడానికి చోటు తక్కువ. ద్వారం చిన్నది కావడం వల్ల లోపలికి జొరబడి కప్పును కిందినుండి తన్నే గాలి కూడా తక్కువే. ఈ సూత్రాలన్నీ నేటి ఇంజనీరింగు గ్రంథాలలో ఉన్నవి. మన పూర్వులు వాటిని లెక్కలుగా వ్రాయలేదు. కూలిన ఇళ్లను చూసి, కూలని ఇళ్లను చూసి నేర్చుకున్నారు.

వారు పాటించిన మరొక నియమం ఇంకా విలువైనది. పడవలు, వలలు, చేపలు ఎండబెట్టే దిబ్బలు సముద్రపు ఒడ్డున ఉండేవి. నివాసం మాత్రం మొగలి పొదలు పట్టి ఉంచిన ఇసుకదిబ్బకు వెనుక ఉండేది. సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకోవడం గొప్ప అన్న భావం వారికి లేదు. సముద్రాన్ని చూడవలసింది పనిలో, నిద్రలో కాదు.

అయితే పాతదంతా మంచిదని నేను చెప్పబోవడం లేదు. చుట్టిల్లు గాలిని తట్టుకొనేది కాని ఉప్పెనను తట్టుకొనలేదు. మట్టిగోడ నీటిలో నానితే గంటలలో జారిపోతుంది. తాటాకుకు నిప్పు అంటుకుంటే వాడ మొత్తం బుగ్గి అయ్యేది. రెండు మూడేళ్లకు ఒకసారి కప్పు నేయవలసి వచ్చేది. పోయినా మళ్లీ కట్టుకోవచ్చు అన్నదే ఆ ఇంటి బలం. ఇంట్లోని మనుషులను మాత్రం మళ్లీ తెచ్చుకోలేము.

దొరల కాలపు కట్టడాలు

ఈస్టిండియా కంపెనీవారు ఋషికుల్య ముఖద్వారం దగ్గర గంజాం పట్టణాన్ని జిల్లాకు కేంద్రంగా చేసుకున్నారు. కోట, గిడ్డంగులు, దొరల మేడలు అక్కడ వెలిశాయి. 1815లో ప్రబలిన విషజ్వరానికి అనేకులు మరణించగా ఆ పట్టణాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది. తరువాత బరంపురం, ఛత్రపురం ప్రాముఖ్యంలోకి వచ్చాయి. ఎంత గట్టి మేడలు కట్టినా, కట్టిన చోటు మనిషి బ్రతుకుకు అనుకూలం కాకపోతే ఆ గట్టిదనం నిష్ఫలమని ఆ పట్టణ చరిత్ర చెబుతున్నది.

ఆ కాలపు కట్టడాలలో నేర్చుకోదగినది కూడా ఉన్నది. గోడలకు వాడిన సున్నం చాలావరకు ఈ నీళ్లదే. ఆలుచిప్పలు, నత్తగుల్లలు కాల్చి చేసిన గుల్లసున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రోజులతరబడి నూరేవారు. సున్నపు గోడ తేమను పీల్చుకొని మళ్లీ వదిలిపెడుతుంది. చిన్న చిన్న కదలికలకు బీటలు వారదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ గోడలలో తుప్పు పట్టడానికి ఇనుము లేదు. ఎత్తైన అరుగు, లోతైన వరండా, చెక్క తలుపుల కిటికీలు, నాలుగు వైపులా వాలిన పెంకుటి కప్పు ఉన్న బంగళాలు ఎండకు, వానకు, గాలికి తగిన ఏర్పాటు. మన పాఠశాల వ్యవస్థాపకులు మొదట కట్టించిన పెంకుటి హాలు ఈ సంప్రదాయానికి చెందినదే.

తుఫానులు నేర్పిన పాఠాలు

గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు 1789 డిసెంబరులో మూడు మహా తరంగాలకు బలి అయినది. తిరిగి కోలుకున్న ఆ రేవును 1839 నవంబరు 25న మరొక ఉప్పెన ముంచివేసింది. కలకత్తాలో నివసిస్తూ తుఫానుల వృత్తాంతాలు సేకరించిన హెన్రీ పిడింగ్టన్ అనే పూర్వ నావికుడు, ఈ సుడిగాలులకు 1848లో ‘సైక్లోన్’ అన్న పేరు పెట్టాడు. బంగాళాఖాతపు విపత్తుల నుండి ప్రపంచ భాషలకు దక్కిన మాట అది.

అదే పిడింగ్టన్ జీవితంలో భవన నిర్మాతలు తప్పక తెలుసుకోవలసిన సంఘటన ఒకటున్నది. సుందరవనాల అంచున, మాత్లా నది ఒడ్డున కొత్త రేవుపట్టణం నిర్మించాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడ ఉప్పెన తప్పదని 1853లో ఆయన గవర్నరు జనరలుకు బహిరంగ లేఖ వ్రాశాడు. ఆ లేఖను ఎవరూ లక్ష్యపెట్టలేదు. క్యానింగ్ పేరుతో పట్టణం లేచింది. 1867 నవంబరులో వచ్చిన తుఫానుకు అది ధ్వంసమయినది. కొన్నేళ్లలోనే రేవును వదిలివేశారు. అప్పటికి పిడింగ్టన్ జీవించి లేడు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నంలో సుమారు 30,000 మంది ఉప్పెన పాలయ్యారు. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆనాటి వార్తలు రేడియోలో విని మా ఇంట్లో పెద్దలు కన్నీరు పెట్టారని మా అమ్మగారు చెబుతూ ఉండేవారు. దివిసీమ దుఃఖంనుండే ఆంధ్ర తీరంలో ఎత్తైన స్తంభాలపై తుఫాను ఆశ్రయ భవనాల నిర్మాణం ఊపందుకున్నది. 1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రమైన తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య వేయి లోపే ఉన్నది. ముందస్తు హెచ్చరిక, ప్రజల తరలింపు, తలదాచుకొనడానికి గట్టి కట్టడం అన్న మూడూ కలిసిన ఫలితమది.

మన రాష్ట్రం ఆ పాఠాన్ని ఇంకా ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకున్నది. 1999 అక్టోబరు 29న పారాదీప్ ప్రాంతాన్ని తాకిన మహాతుఫానులో దాదాపు పది వేల మంది మరణించారు. ఆ తరువాత తీర జిల్లాలలో 800కు పైగా బహుళార్థక ఆశ్రయ భవనాలు లేచాయి. వాటిలో అనేకం మామూలు రోజులలో పాఠశాలలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గరే గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తీరం దాటినప్పుడు, అప్పటికే దాదాపు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చారు. రాష్ట్రంలో మృతులు 44 మంది. పధ్నాలుగు సంవత్సరాలలో పది వేలనుండి నలభై నాలుగుకు దిగిన ఆ సంఖ్యలో మన వంటి బడి కట్టడాలకు కూడా భాగమున్నది. అయితే ప్రాణాలు దక్కినా ఇళ్లు దక్కలేదు. రెండు లక్షలకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి.

1999 తుఫాను మరొక సత్యాన్ని కూడా వెల్లడించింది. కేంద్రాపడా జిల్లాలోని వందలాది గ్రామాలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సముద్రానికి, ఊరికి నడుమ మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఊళ్లో అంత తక్కువ మంది మరణించారని తేలింది. గంజాం తీరంలో అటువంటి విస్తారమైన మడ అడవులు లేవు. ఇక్కడ ఆ కాపలా కాసేది ఇసుకదిబ్బ. దానిపై పాకే ఊదారంగు పువ్వుల తీగ, ముళ్లబంతుల గడ్డి, మొగలి పొద ఇసుకను పట్టి ఉంచుతాయి. తుఫానులో అల దిబ్బను కొరుకుతుంది, ఆ ఇసుకే తీరాన పరుచుకొని తరువాతి అలల వేగాన్ని తగ్గిస్తుంది. ప్రశాంత కాలంలో గాలి ఆ ఇసుకను మళ్లీ దిబ్బకు చేరుస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా తనను తాను మరమ్మతు చేసుకొనే గోడ ప్రపంచంలో ఇదొక్కటే.

సిమెంటు యుగం

గత నలభై, యాభై ఏళ్లలో తాటాకు, పెంకు, సున్నం వెనుకబడి సిమెంటు, ఇనుము ముందుకు వచ్చాయి. నిప్పుకు భయపడి, ఏటేటా నేతకూలి భరించలేక జనం పక్కా ఇల్లు కోరుకోవడం న్యాయమే. కాని మెట్టప్రాంతపు పద్ధతిలో కట్టిన సిమెంటు కట్టడాన్ని ఉప్పుగాలి లోపలినుండి తింటుంది. కాంక్రీటులోని సన్నని రంధ్రాలగుండా ఉప్పు, తేమ ఇనుప చువ్వను చేరితే అది తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటె అనేక రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. సముద్రపు ఇసుకతోనో, ఉప్పు బావి నీళ్లతోనో కలిపిన కాంక్రీటులో ఈ వ్యాధి పుట్టుకతోనే ఉంటుంది. ఇరవై ఏళ్లకే స్లాబులు పెచ్చులూడిన భవనాలు మన చుట్టూ ఎన్నో ఉన్నవి.

ఇందుకు విరుగుడు తెలియనిది కాదు. భారత ప్రమాణ గ్రంథం 456, 2000 సంవత్సరపు ముద్రణలో, తీరపు ఉప్పుగాలికి గురయ్యే కాంక్రీటుకు కనీసం ఎం-30 శ్రేణి, చువ్వపై 45 మిల్లీమీటర్ల కవరింగు విధించింది. అలల తుంపర నేరుగా తాకేచోట ఎం-35, 50 మిల్లీమీటర్లు. కవరింగులో ఒక అంగుళం తగ్గించి మిగుల్చుకొన్న డబ్బు, మన పిల్లల పిల్లలు చెల్లించవలసిన అప్పు.

గాలి లెక్క కూడా తల్లిదండ్రులకు తెలియడం అవసరం. మన తీరానికి విధించిన ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఈ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 2015లో సవరించిన గాలి ప్రమాణం ఆసుపత్రులు, ఆశ్రయ భవనాలతోపాటు పాఠశాలలను కూడా తుఫాను అనంతరం తప్పక నిలిచి ఉండవలసిన కట్టడాలుగా పేర్కొన్నది. తూర్పు తీరంలో వాటికి ఆ వేగాన్ని 1.30 రెట్లు చేసి లెక్క కట్టాలని నిర్దేశించింది. అంటే మామూలు ఇంటికంటె బడి 69 శాతం అధిక ఒత్తిడిని తట్టుకోవాలి.

ఈ లెక్కలు తెలియనప్పుడు ఏమి జరుగుతుందో మన ఆవరణలోనే చూశాము. ఫైలిన్ వచ్చిన రోజు దసరా సెలవులు కావడం దైవకృప. అప్పుడు నేను ఇక్కడ సహోపాధ్యాయినిని. రెండు రోజుల తరువాత బడికి వచ్చి చూస్తే, విద్యార్థుల సంఖ్య పెరిగినప్పుడు తొందరలో వేయించిన మూడు సిమెంటు రేకుల గదులకు కప్పు లేదు. రేకు ముక్కలు ఆటస్థలం అవతల సరుగుడు తోపులో గుచ్చుకొని ఉన్నవి. నల్లబల్ల మీద సెలవులకు ముందు వ్రాసిన లెక్క మాత్రం సగం చెరగకుండా నిలిచి ఉన్నది. పాత పెంకుటి హాలు వందల పెంకులు పోగొట్టుకున్నది కాని దాని దూలాలు, గోడలు చెక్కుచెదరలేదు. ఆ మూడు గదులు కట్టించిన సంఘంలో ఉపాధ్యాయుల తరఫున నేనూ ఉన్నాను. రేకులను దూలానికి బిగించే హుక్కు బోల్టులు ఎంత దూరానికి ఒకటి ఉండాలని నేను అడగలేదు. అడగాలని నాకు తెలియదు. పిల్లలు ఆ గదులలో ఉండి ఉంటే అన్న తలపు నేటికీ నన్ను వదలలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అదే అసలు కారణం.

చట్టము, తాబేళ్లు, తాగునీరు

1981 నవంబరులో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ తీరరాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాస్తూ, సముద్రపు పోటు గీతనుండి 500 మీటర్ల వరకు తీరాన్ని కట్టడాలు లేకుండా కాపాడవలసిందని కోరారు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న వెలువడిన తీర నియంత్రణ ప్రకటనకు ఆ లేఖే బీజం. 2011లోను, 2019లోను దాని స్థానంలో కొత్త ప్రకటనలు వచ్చాయి. 2019 ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రత ఎక్కువగా ఉన్నచోట నిర్మాణ నిషిద్ధ ప్రాంతం 50 మీటర్లకు తగ్గినది. తక్కువగా ఉన్నచోట 200 మీటర్లు అలాగే ఉన్నది. చట్టం అనుమతించిన దూరం కనీస దూరమే కాని క్షేమకరమైన దూరమని భావించరాదు. సముద్రం ప్రకటనలు చదవదు.

ఋషికుల్య తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెట్టే సంగతిని శాస్త్రజ్ఞులు 1994లో నమోదు చేశారు. ఇసుకలోనుండి వెలువడిన తాబేలు పిల్ల రాత్రివేళ వెలుగున్న దిశను సముద్రమని నమ్మి నడుస్తుంది. ఊరివైపు దీపాలు దేదీప్యమానంగా వెలిగితే అది ఊరివైపే నడిచి, తెల్లవారేసరికి కాకులకు, కుక్కలకు ఆహారమవుతుంది. అందుచేత తీరపు భవనంలో దీపం కూడా కట్టుబడిలో భాగమే. సముద్రంవైపు తెరలేని దీపాలు పెట్టకుండుట, పెట్టినవాటిని కిందికి వంచి మందమైన పసుపు వెలుగుకు మార్చుట ఖర్చులేని ధర్మం.

నీటి సంగతి కూడా అటువంటిదే. ఇసుక కింద మంచినీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, కింద సుమారు నలభై అడుగుల లోతువరకు మంచినీరు ఉంటుంది. లోతైన బోరు వేసి మోటారుతో తోడి, పైనున్న ఆ ఒక్క అడుగు తగ్గిస్తే కిందినుండి ఉప్పునీరు నలభై అడుగులు పైకి రావడానికి దారి ఏర్పడుతుంది. మన అమ్మమ్మలు ఇసుకలో చెలమ తవ్వి, ఊరినంత నీరే చిప్పతో తోడుకొనేవారు. వారు పొదుపు చేసినది ఈ అడుగునే. కొత్త భవనపు కప్పుపై పడే వాననీటిని పట్టి నిల్వచేసుకొనడం, మరుగుదొడ్ల గుంతలను బావికి దూరంగా, తేమ దిగని తొట్లుగా కట్టడం ఇందువల్లనే అవసరం.

ఊరు పోతే బడి, బడి పోతే భాష

ఋషికుల్య ముఖద్వారం సమీపాన పోడంపేట అనే తెలుగు మత్స్యకార గ్రామం ఉండేది. గత రెండు దశాబ్దాలలో సముద్రం ఆ ఊరిని కోసివేసింది. గోడలు సగం కూలిన పక్కా ఇళ్లు, ఇసుకలో కూరుకుపోయిన గుమ్మాలు అక్కడ మిగిలాయి. జనం లోపలి కాలనీకి తరలిపోయారు. కేంద్రాపడా జిల్లాలోని సాతభాయా ప్రజలకు కూడా ఇదే గతి పట్టినది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఈ పెరుగుదల ఆగలేదు.

ఊరు తరలినప్పుడు ఇల్లు మాత్రమే పోదు. నష్టపరిహారపు లెక్కలో ఇల్లు ఉంటుంది, పడవ ఉంటుంది. ఆ ఊరి పిల్లలు ఏ భాషలో చదువుకొంటున్నారన్నది ఉండదు. తీరపు వాడలు చెదిరిన కొద్దీ మన హాజరుపట్టీలో పేర్లు తగ్గుతున్నవి. కాలనీకి దగ్గరలో ఉన్న బడిలో చేరిన పిల్లవాడు ఒడియా నేర్చుకోవడం సంతోషకరమే, ఈ నేల భాష అది. కాని ఇంటిభాషలో అక్షరం రాని తరం ఒకటి మన కళ్లముందే తయారవుతున్నది. కనుక తీరంలో ఇల్లు నిలవడం, బడి నిలవడం, తెలుగు నిలవడం మనకు వేరువేరు విషయాలు కావు.

జూబిలీ భవనానికి విన్నపం

కొత్త భవనాన్ని ఆవరణకు తూర్పు హద్దున, సముద్రం కనిపించేలా, అక్కడి ఇసుకదిబ్బను చదును చేసి కట్టాలన్న ప్రతిపాదన వచ్చినది. వేదికకు అందం వస్తుందన్న ఆశయం మంచిదే. అయినా ఆ దిబ్బను తొలగించవద్దని సంఘ సభ్యులను, దాతలను సవినయంగా ప్రార్థిస్తున్నాను. పడమటి వైపు, పాత హాలుకు వెనుక ఉన్న మెరకలో కడదాం. దృశ్యం కొంత తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది.

కింది అంతస్తును గోడలు లేని స్తంభాలపై నిలిపితే ఉప్పెన నీరు అడ్డులేక సాగిపోతుంది, మిగిలిన రోజులలో పిల్లలకు నీడపట్టు ఆటస్థలమవుతుంది. పైకి మెట్లతోపాటు వాలుదారి కూడా ఉండాలి. తుఫాను రాత్రి వచ్చేవారిలో వృద్ధులు, గర్భిణులు, కాళ్లు రానివారు ఉంటారు. గాలి లెక్క 1.30 రెట్లతో వేయించి, ఆ పత్రాన్ని సంఘం ముందు చదివించాలి. కిటికీలకు అద్దాలు మాత్రమే కాక చెక్క తలుపులు కూడా ఉండాలి. నది ఇసుక, మంచినీరు, సరిపడిన కవరింగు విషయంలో ప్రతి స్లాబు రోజున తల్లిదండ్రులలో ఇద్దరు దగ్గర ఉండి చూడాలి. నాడు నేను అడగని ప్రశ్నను నేడు వారు అడగాలి. పాత పెంకుటి హాలును కూల్చక గుల్లసున్నంతో మరమ్మతు చేయించి చిన్నపిల్లల తరగతులకు ఉంచుదాం. దిబ్బపై మొగలి, తీగ నాటే పని మన విద్యార్థులకే అప్పగిద్దాం. ఈ ఏర్పాట్లవల్ల గదుల సంఖ్య అనుకొన్నదానికంటె తగ్గవచ్చు. పన్నెండు బలహీనమైన గదులకంటె ఊరివారందరు నమ్మి వచ్చి తలదాచుకోగల ఎనిమిది గదులు మేలని నా అభిప్రాయం.

కుట్టిన పడవ, మూలలు లేని ఇల్లు, దిబ్బ వెనుక వాడ మన పెద్దలు మనకిచ్చిన పాఠ్యగ్రంథాలు. వారికి సిమెంటు తెలియదు, మనకు తెలుసు. వారికి సముద్రం తెలుసు. రెండు తెలివులూ కలిసినచోట లేచిన భవనం మన శతాబ్ది ఉత్సవాన్ని కూడా చూడగలదు. ఆనాడు ఈ సంచిక ఎవరి చేతనైనా పడితే, మనం సరైన చోటనే కట్టామని వారు అనుకొందురు గాక.

స్వస్తి.